తథాస్తు సభలో ఒంటి తుమ్ము

కథానాయకుడన్నవాడు రాజధానిలోకి తెల్లగుర్రం మీద రావాలి. వెనకాల ధూళి ఎగరాలి, మేడల మీంచి కన్నెపిల్లలు తొంగి చూడాలి. మన కేదారుడు మాత్రం పసుపు బస్తాలో వచ్చాడు. బండి చక్రం గతుకులో పడ్డప్పుడల్లా అతని తల బండి పట్టెకు టంగుమని కొట్టుకుంది. తొంగి చూసింది ఒక మేక. అది కూడా పసుపు ఘాటుకు మొహం చిట్లించుకుని తన దారిన తాను పోయింది.

అతను మాత్రం ఏం చేస్తాడు? గుర్రమెక్కితే కళ్లు తిరుగుతాయి. కత్తి పడితే సొంత వేలే తెగుతుంది. అతనికి వచ్చిన విద్యల్లా ఒకటే. వజ్రశిఖర రాజ్యాన్ని ఏలే ప్రచండసేన మహారాజుకు ఉత్సవాలలో ఉపన్యాసం అందించడం.

పేరు చూసి భయపడకండి. ప్రచండసేనుడు చీమకైనా దారి ఇచ్చే రకం. ఆయనకున్న లోపం జ్ఞాపకశక్తి. జల్లెడలో నీళ్లు నిలుస్తాయేమో గాని ఆయన బుర్రలో వాక్యం నిలవదు. అందుకని మంగళవేదిక కింద, సరిగ్గా సింహాసనం అడుగున, ఒక గుంట తవ్వించారు. అందులో గొంతుక్కూర్చుని కేదారుడు ఇత్తడి గొట్టంలోంచి ఒక్కొక్క మాటా పైకి ఊదేవాడు. ఆ గొట్టం రెండో కొస సింహాసనం మీద రాజుగారి చెవిదగ్గర తేలేది. రాజుగారు విన్నది విన్నట్టు పలికేసేవారు. చెవిలో పడిన మాట నోట్లోంచి రావడానికి మధ్యలో ఏ మజిలీ ఉండేది కాదు.

ఇందులో వింతేముంది, రాజులందరూ అంతేగా అంటారేమో. వింత ఆ రాజ్యపు ఆచారంలో ఉంది. వజ్రశిఖరంలో శాసనాలు కొలువుకూటంలో పుట్టవు, పండుగలలో పుడతాయి. ఉత్సవం రోజున రాజు వేదిక మీద ఏదైనా కోరి చివర "గాక" అంటే, జనం "తథాస్తు" అంటారు. వెంటనే నగారా మోగుతుంది. ఇక అది శాసనం. శుభమా అని దీవెన పలుకుతుంటే తథాస్తు అననివాడి ఇంట్లో పొయ్యి వెలగదని వాళ్ల నమ్మకం. ఈ సంగతి కనిపెట్టిన పూర్వపు మంత్రి ఎవరోగాని మహానుభావుడు. వానలు కురియుగాక, తథాస్తు. పంటలు పండుగాక, తథాస్తు. ఉప్పు మీద సుంకం పెరుగుగాక, తథాస్తు. ఇంటికెళ్లి చారులో ఉప్పు తక్కువైందని పెళ్లాం మీద విసుక్కునేటప్పుడు గాని, తాము దేనికి తలూపి వచ్చారో మగమహారాజులకు తెలిసేది కాదు.

ఆ విద్యకు మెరుగు పెట్టింది మన కేదారుడే. చేదు సంగతి ఎప్పుడూ పసిపాపల దీవెన వెనకనే రావాలని అతని సూత్రం. ఎందుకంటే ఒళ్లో బిడ్డనుంచుకున్న తల్లుల తథాస్తు చాలా గట్టిగా ఉంటుంది. ఆ ఊపులో ఏం అడిగినా చెల్లిపోతుంది. ఈ సూత్రం తలుచుకుని అతను లోలోపల ఎంతో మురిసిపోయేవాడు. పసుపు బస్తాలో మాత్రం మురిపెం కాస్త తగ్గింది.

కారణం రాజగురువు ధూమకేశుడు. అతని తల మీద ఉన్నది జుట్టు కాదు, పొగ. మాంత్రికుడు. సరిహద్దులోని పాలవాగు లోయ అడుగున ఒక అగ్నిసర్పం నిద్రపోతోంది. బలవంతంగా లేపినవాణ్ని అది అక్కడికక్కడే కాల్చేస్తుంది. పదివేల గొంతులు ఔనని ఆ లోయను ఇచ్చినవాడికి మాత్రం కుక్కపిల్లలా లొంగుతుంది. ధూమకేశుడు ఎన్ని మంత్రాలు నేర్చినా పదివేల మంది చేత ఔననిపించే మంత్రం అతని తాళపత్రాలలో లేదు. అది కేదారుడి గొట్టంలో ఉంది.

పాలవాగు కేదారుడు పుట్టిన చోటు. అతని అక్క, బావ, మేనల్లుళ్లు అక్కడే మేకలు కాచుకుని బతుకుతున్నారు. సర్పం లేస్తే మొదట నాకేది ఆ గుడిసెలనే. అందుకని రాజగురువు "ఈసారి వానల పండుగకు పాలవాగును నా వశం చేసే మాట ఒకటి ఇరికించు" అన్నప్పుడు, కేదారుడు జన్మలో మొదటిసారి కుదరదన్నాడు. మరునాడు కళ్లు తెరిచేసరికి, మాంత్రికుడి మహిమతో, అతను కొండగుహలో ఘటోదరుడనే రాక్షసుడి ముందున్నాడు.

"ఆకలిగా ఉంది. చివరి కోరికేమైనా ఉంటే తొందరగా చెప్పు," అన్నాడు ఘటోదరుడు.

"రెండు మాటలు మాట్లాడనివ్వు," అన్నాడు కేదారుడు. గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. "మహాజనులారా! ఈ శుభ తరుణంలో, మన పూర్వీకుల త్యాగాలను స్మరించుకుంటూ, ఉజ్జ్వల భవిష్యత్తు వైపు దృఢ సంకల్పంతో అడుగులు వేస్తున్న ఈ వేళ..."

అడుగులు ముందుకు పడకముందే రాక్షసుడి నోరు ఆవులింతకు తెరుచుకుంది. "సర్వతోముఖాభివృద్ధి" దగ్గర తల వాలింది. "అకుంఠిత దీక్ష" దగ్గర గుహ గురకతో దద్దరిల్లింది. ప్రాణం దక్కినందుకు సంతోషించాలో, తన ఉపన్యాసం సంగతి ఇన్నాళ్లకు తెలిసినందుకు ఏడవాలో తేలక కేదారుడు కాసేపు నిలబడ్డాడు. తరువాత పరుగెత్తాడు. కొండ కింద ఉత్సవానికి పసుపు తీసుకుపోతున్న బండి కనబడితే దూరి కూర్చున్నాడు.

అదీ బస్తా వెనకున్న కథ.

బండి ఆగింది. కేదారుడు బస్తా మూతి విప్పుకుని తల బయటపెట్టాడు. ఆహా, ఏం శోభ! శిఖరపురి ఆ ఉదయం కొత్త పెళ్లికూతురులా ఉంది. స్ఫటికపు మేడల అంచులకు నీలి పట్టు తెరలు కట్టారు. మేఘాలను పిలిచే పండుగ గనుక వీధులన్నీ నల్లకలువలతో నింపారు. ఏనుగుల కుంభస్థలాల మీద ముత్యాల జాలరులు, గోపురాల మీద నాట్యమాడే నెమళ్లు, పన్నీటి జల్లులు, పచ్చకర్పూరపు పరిమళాలు... వర్ణన ఇంకా ఉంది గాని, ఇంతలో బురుజు మీద చాటింపు భటుడు అరిచాడు.

"వర్షములు సకాలమున కురియుగాక!"

వేదిక దగ్గర రాజు పలికిన మాటను బురుజు నుంచి బురుజుకు అందించడం ఆ భటుల పని. దూరంగా "తథాస్తు" అన్న హోరు. నగారా ధనధనా మోగింది.

కేదారుడు బస్తాలోంచి బయటపడ్డాడు. ఉపన్యాసం మొదలైపోయింది! వానల తరువాత పంటలు. పంటల తరువాత పశువులు. ఆ తరువాత పసిపాపలు. ఆపైన పాలవాగు. ఆ వరుస కట్టింది తనే. ఒక్క దీవెనైనా అదనంగా కలపని తన పొదుపుతనాన్ని తిట్టుకుంటూ బండి దూకి పరుగు లంకించుకున్నాడు.

కోట వాకిట్లో ఇద్దరు భటులు ఈటెలు అడ్డం పెట్టారు. "ఎవడ్రా నువ్వు? ఈ పసుపేమిటి?"

కేదారుడు తన వంక చూసుకున్నాడు. శిఖ నుంచి గోటి దాకా పసుపే. కనురెప్పలు కూడా పసుపే. ఇక ఆలోచించలేదు. కళ్లు తేలేసి, నాలుక బయటపెట్టి, ఒళ్లంతా విదిలించి ఊగడం మొదలెట్టాడు. "హూఁ! ఎవర్రా నా దారికి అడ్డం? వానలమ్మను వచ్చాను!"

భటులిద్దరూ సాష్టాంగపడ్డారు. పెద్దవాడు మెల్లిగా తలెత్తి, "తల్లీ, ఈ వాకిలి కాపలా నుంచి నన్ను ఖజానా కాపలాకు ఎప్పుడు మారుస్తావమ్మా?" అని దీనంగా అడిగాడు.

పూనకంలో ఏం చెప్పాలో కేదారుడికి తెలియదు. నోటికి అలవాటైనదే వచ్చింది. "నీ కోరిక మా పరిశీలనలో ఉంది. తగిన సమయంలో తగిన నిర్ణయం వెలువడుతుంది!"

భటుడి కళ్లనిండా ఆనందబాష్పాలు. "అమ్మ మాటిచ్చిందిరా!" అంటూ రెండోవాణ్ని కౌగిలించుకున్నాడు. ఆ వాక్యం ఎవరి కడుపూ నింపదని తెలిసి కూడా కేదారుడు ఆగలేదు. ఈటెల మధ్యనుంచి దూరి పరుగెత్తాడు.

"పంటలు మెండుగ పండుగాక!" తథాస్తు. నగారా.

ఏనుగులశాల చూరు కిందుగా దూరాడు. ఒక గున్న తొండంతో అతని పంచె అంచు పట్టుకుంది. పంచె దానికి వదిలేసి గోచితో సాగిపోయాడు. పూలబుట్టల వరుసలో పడి లేచాడు. "పశుగణములు వర్ధిల్లుగాక!" అన్న కేక తల మీదుగా పోయింది. తథాస్తు. నగారా ఎందుకో ఈసారి కాస్త ఆలస్యంగా మోగింది.

వేదిక వెనక, ఏనుగు తలంత నగారా ముందు నిలబడి ఉంది నీలాంబ. ఆమె కూడా పాలవాగు మనిషే, కేదారుడికి మేనమామ కూతురు. ఆ చేతి దెబ్బకు నగారా మోగుతుంది, ఆ నోటి దెబ్బకు కేదారుడు మూగబోతాడు. రాజగురువు మనసులో ఏముందో కేదారుడు ఆమెకు ముందే చెప్పి ఉంచాడు.

"ఓరి నా బావా! ఇదేం అవతారం? పెళ్లిపీటల మీంచి లేచొచ్చావా, పంచెక్కడ?" అంది గుసగుసగా.

"ఏనుగు తీసుకుంది."

"దానికైనా పనికొచ్చావు. కింద గుంటలో ఆ పొగజుట్టోడే దూరాడు. నగారా కొట్టకపోతే నా చెయ్యి నరుకుతారు. ఇందాకట్నుంచి చీమ కుట్టిందని ఒకసారి, కర్ర జారిందని ఒకసారి ఆలస్యం చేస్తున్నా. ఎంతసేపని గోక్కోను? దిగు!" అని కాలితో చెక్కమూత పక్కకు తోసింది.

"అక్కడ నేనేం చెయ్యాలి?"

"అక్క బతకాలా వద్దా? అది తలుచుకుని ఏదో ఒకటి చెయ్యి. నీకు పోట్లాట రాదని నాకూ తెలుసు."

పైన రాజుగారి గొంతు వినిపించింది. "పసిపాపలు నూరేళ్లు జీవింతురుగాక!"

తల్లుల తథాస్తుకు వేదిక కదిలింది. నీలాంబ పళ్లు బిగించి నగారా కొట్టింది. కేదారుడు కళ్లు మూసుకుని గుంటలోకి దూకాడు.

సూటిగా ధూమకేశుడి వీపు మీద పడ్డాడు. గొంతుక్కూర్చోవడానికే చాలని చోటులో ఇద్దరు మనుషులు ఎలా కలబడతారో ఊహించండి. ఒకరి మోకాలు ఒకరి గడ్డం కింద, ఒకరి మోచెయ్యి ఒకరి నోట్లో. కేదారుడు చేతికందిన పొగను పిడికిట పట్టాడు. ఆశ్చర్యం, అది దొరికింది.

"వదలరా నా జుట్టు!" అన్నాడు మాంత్రికుడు.

"వదలరా నా జుట్టు!" అన్నారు పైన ప్రచండసేన మహారాజు, గంభీరంగా. పక్కన నిలబడ్డ ఆస్థాన మంగలి పది అడుగులు వెనక్కు తగ్గాడు.

"ముందు నువ్వు నా మెడ వదులు!" అన్నాడు కేదారుడు.

"ముందు నువ్వు నా మెడ వదులుగాక!" అన్నారు రాజుగారు. ఇంతసేపూ "గాక" రాలేదేమని ఆయనే జాలిపడి చేర్చారు.

జనం మొహాలు చూసుకున్నారు. దీవెన దీవెనే. "తథాస్తు!" అన్నారు. ఈ ఒక్క శాసనానికి మాత్రం నీలాంబ రెండు చేతులా హుషారుగా నగారా వాయించింది. ఆ రాజ్యంలో ఒకరి మెడ ఒకరు పట్టుకోరాదన్న చట్టం అలా పుట్టింది. దాని వెనక ఎంత లోతైన ఆలోచన ఉందో వివరిస్తూ పండితులు తరువాత పెద్ద వ్యాఖ్యానమే రాశారు.

మంత్రమేస్తే కేదారుడు ఆ క్షణమే బూడిదయ్యేవాడు. కాని ఆ గుంటలో మంత్రం పలికితే రాజు నోటా అదే వస్తుంది, రెండు నోళ్లలో పడిన మంత్రం వికటిస్తుంది. గొట్టం మూద్దామంటే మాంత్రికుడికి చెయ్యి ఖాళీ లేదు. అందుకని అతను మెడ సాచి, గొట్టానికి నోరు ఆనించి, అసలు మాట అందుకున్నాడు.

"పాలవాగు లోయ..."

"పాలవాగు లోయ..." అన్నారు రాజుగారు.

కేదారుడికి అక్క ముఖం కళ్లముందు మెదిలింది. ఇంకేమీ తోచక తన తలను మాంత్రికుడి ముక్కు కింద పెట్టి, తడిసిన కుక్కలా విదిలించాడు. బస్తాడు పసుపు గుప్పుమంది.

"హా... హా... హాచ్!" అన్నాడు ధూమకేశుడు.

"హా... హా... హాచ్!" అన్నారు మహారాజు, అక్షరం పొల్లుపోకుండా.

సభ యావత్తూ ఉలిక్కిపడింది. శుభకార్యం మధ్యలో ఒంటి తుమ్ము! అదీ రాజు నోట! పురోహితుడు చెయ్యెత్తాడు. "అపశకునం! అందరూ కూర్చోండి. మంచినీళ్లు తాగండి. రెండో తుమ్ము పడేదాకా ఎవరూ కదలకూడదు!"

పదివేల మంది నేల మీద చతికిలబడ్డారు. చెంబులు చేతులు మారాయి. మహారాజు కూడా వెండిగిన్నెలో నీళ్లు తాగుతూ కూర్చున్నారు.

గుంటలో ధూమకేశుడు కళ్లు తెరిచాడు. ఒంటి తుమ్ము అపశకునం, జంట తుమ్ము శుభం. ఇంకొక్కటి తుమ్మితే చాలు! తన జుట్టులోంచి పొగ పీల్చి ముక్కులోకి లాక్కున్నాడు. కేదారుడు వెంటనే ఆ ముక్కు పట్టుకున్నాడు. రాజ్యం భవిష్యత్తు ఇద్దరు పెద్దమనుషుల మధ్య ఒక ముక్కు దగ్గర ఆగిపోయింది. ఇద్దరూ కిక్కురుమనలేదు.

ఆ నిశ్శబ్దంలో కేదారుడికి ఎన్నడూ వినని శబ్దం ఒకటి వినిపించింది. జనం మాట్లాడుకుంటున్నారు. ఎన్ని ఉత్సవాలో చేయించాడు గాని, దీవెనకూ దీవెనకూ మధ్య వాళ్లకు ఊపిరి పీల్చే సందు ఎప్పుడూ ఇవ్వలేదు.

"ఇందాక ఏదో లోయన్నారు కదా, ఏమైందట ఆ లోయకు?" అని ఎవరో అడిగారు.

"ఏమో. వానల పండుగలో లోయ సంగతెందుకు?"

"పోయినసారి పూల పండుగలో ఉప్పు సంగతెందుకొచ్చిందో, ఇదీ అందుకే," అన్నదొక ముసలి గొంతు.

కేదారుడికి చెవులు కాలాయి. ఆ ఉప్పు తన చలవే. సిగ్గుతో తల వంచుకున్నాడు. వంచుకోవడమే తప్పయింది. తన గుండెల మీది పసుపు తన ముక్కులోకే పోయింది. ముక్కు దూల మొదలైంది. మాంత్రికుడి ముక్కు వదిలి తన ముక్కు పట్టుకున్నాడు. పళ్లు బిగించాడు, కులదైవాన్ని తలుచుకున్నాడు. ఏదీ పనిచెయ్యలేదు.

"హాచ్!"

"హాచ్!" అన్నారు మహారాజు.

"జంట తుమ్ము! శుభం, శుభం!" అని సభ లేచింది. తన లోయను తన ముక్కే ముంచిందని కేదారుడు నెత్తి కొట్టుకున్నాడు. ధూమకేశుడు చిరునవ్వుతో గొట్టం అందుకుని మాట పూర్తిచేశాడు.

"పాలవాగు లోయ రాజగురువు ధూమకేశుల వశమగుగాక!" అన్నారు మహారాజు.

కేదారుడు కళ్లు మూసుకున్నాడు. తథాస్తు రాలేదు.

ఇంకా రాలేదు. నీలాంబ నగారా కర్ర గాలిలో ఆగిపోయింది. చివరికి ఆ ముసలి గొంతే పలికింది. మనవణ్ని ఒళ్లో పెట్టుకుని ముందు వరుసలో కూర్చున్న అవ్వ. "కాస్త ఆగు నాయనా. మా చిన్న కోడలి పుట్టిల్లు ఆ లోయలోనే. వశమంటే ఏమిటి? అక్కడి జనం ఏమవుతారు?"

వేదిక మీంచి వచ్చిన దీవెనకు ప్రశ్న ఎదురవడం ఆ రాజ్యంలో అదే మొదలు. మహారాజు తెల్లమొహం వేశారు. మెల్లగా గొట్టం వైపు వంగి, "కేదారా, ఏమవుతారయ్యా?" అని అడిగారు. పాపం, కింద ఎప్పుడూ ఉండే మనిషే ఉన్నాడని ఆయన నమ్మకం.

అలంకారం లేని వాక్యం కేదారుడు ఎన్నడూ గొట్టంలోకి ఊదలేదు. ఇప్పుడు, ధూమకేశుడు తేరుకునేలోగా, ఊదాడు.

"మాడి మసైపోతారు, ప్రభూ."

"మాడి మసైపోతారు, ప్రభూ," అన్నారు మహారాజు, ఎదురుగా కూర్చున్న ప్రజలతో.

రాజు తమను ప్రభువులనడం వాళ్లు ఎన్నడూ వినలేదు. అవ్వ మనవణ్ని చంకనేసుకుని లేచింది. "అయితే వద్దు," అంది. ఆ వెనక మరొకరు వద్దన్నారు. ఆపైన వద్దన్న మాట వీధుల వెంట పోయి బురుజుల నుంచి తిరిగొచ్చింది. నీలాంబ నగారా కర్రను తీసి నేల మీద పెట్టింది. కేదారుడికి ఏడుపొచ్చేసింది, దాచుకోలేదు.

ధూమకేశుడి గర్జనకు గుంట పగిలింది. ఇక ఉపన్యాసంతో పనిలేదు గనుక గొట్టాన్ని పెరికి విసిరేసి మంత్రం అందుకున్నాడు. పొగ సుడి తిరిగి లేచింది. కేదారుడి శిఖ మాంత్రికుడి పిడికిట్లో ఉంది, కాళ్లు గాలిలో ఉన్నాయి. వేదిక, నగారా, ఏనుగులు, స్ఫటికపు మేడలు కిందికి జారిపోయాయి. గోచి ఒక్కటే అతనితో మిగిలింది.

"బావా!" అని నీలాంబ కేక. "భయపడకు, వస్తున్నా!" ఆమె ఏనుగులశాల గున్న వైపు పరుగెత్తడం కనిపించింది. దాని తొండంలో తన పంచె ఊగుతోంది.

"నన్నెక్కడికి తీసుకుపోతున్నావు? పని చెడింది కదా!" అన్నాడు కేదారుడు.

"ఇక్కడ చెడింది," అన్నాడు ధూమకేశుడు. "పాలవాగు తనదేనని సరిహద్దు అవతలి కంకణ రాజు కూడా అంటాడు. రేపు అతనికి పట్టాభిషేకం. అతనికీ ఉపన్యాసం కావాలి, అతనికీ జనం ఉన్నారు. నీ నాలుకకు పని పడింది. పసుపు మాత్రం ముందు కడిగిస్తాను."

కిందనుంచి ప్రచండసేన మహారాజు గొంతు సన్నగా వినిపించింది. ఊడిన గొట్టం వైపు వంగి ఆయన అడుగుతున్నారు. "కేదారా! ఇప్పుడు మేమేమనాలి?"

చాటింపు భటులు దాన్ని కూడా బురుజు బురుజుకూ అందించారు. సగం మంది అలవాటు కొద్దీ "తథాస్తు!" అన్నారు. మిగతా సగం వాళ్ల మీద కసురుకున్నారు. "ముందు ఏమన్నారో వినండెహే!"

కేదారుడు నవ్వబోయాడు. అంతలో కొండల అవతల కంకణపురి కనబడింది. వీధులనిండా తోరణాలు, వేదిక ముందు అప్పుడే చేరుతున్న జనం. వాళ్లు మంచివాళ్లలాగే ఉన్నారు, దీవెనలంటే ప్రాణం పెట్టేవాళ్లలాగే ఉన్నారు. తుమ్ముకు ఆగే ఆచారం మాత్రం ఆ రాజ్యంలో ఉందో లేదో అతనికి తెలియదు.